ఒక్క అడుగు ముందుకు: బిల్లీ మెక్రాకెన్ ఆట, 1925లో మారిన ఆఫ్‌సైడ్ నిబంధన

ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ మీద జరిగినంత వాదన మరే నిబంధన మీదా జరగదు. బంతి అందుకోబోయే ఆటగాడు ప్రత్యర్థులను దాటి గోల్ దగ్గర ముందే పొంచి ఉండకూడదన్నదే ఆ నిబంధన. వీడియో రిఫరీలు తెర మీద గీతలు గీసి, భుజం అంచు, బూటు మొన కొలిచి గోల్ రద్దు చేయడం మొదలయ్యాక ఈ వాదన మరింత ముదిరింది. దాడి చేసే జట్టుకు మేలు జరిగేలా నిబంధనను సడలించాలని ఆర్సెనల్ మాజీ మేనేజర్ ఆర్సెన్ వెంగర్ లాంటివాళ్లు కోరుతున్నారు. ఈ చర్చ వచ్చినప్పుడల్లా 1925 నాటి మార్పు గురించి, దానికి కారకుడిగా బెల్‌ఫాస్ట్‌కు చెందిన బిల్లీ మెక్రాకెన్ గురించి ఎవరో ఒకరు ప్రస్తావిస్తారు. ఒక్క ఆటగాడి తెలివి వల్ల ప్రపంచమంతా ఆడే ఆట నిబంధన మారిపోయిందని చెప్పుకుంటారు. అందులో నిజం ఉంది గానీ, అసలు కారణం అందులో లేదు.

క్లుప్తంగా

1866 నుంచి 1925 దాకా అమలైన నిబంధన ప్రకారం, బంతి అందుకోబోయే ఫార్వర్డ్‌కూ (దాడి చేసే ఆటగాడికీ) గోల్ గీతకూ మధ్య కనీసం ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి. ఆ లెక్కలో వెనక ఆడే ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లలో ఒక్కడు ముందుకు జరిగితే చాలు, ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్‌లో పడతాడు. రెండో ఫుల్‌బ్యాక్ కదలకుండా వెనక కాపలా ఉండొచ్చు. మెక్రాకెన్ ఈ వీలును అందరికన్నా బాగా వాడుకున్నాడు. మిగతా క్లబ్బులు నేర్చుకునేసరికి ఆట బిగుసుకుపోయి గోల్స్ పడిపోయాయి. 1925లో ముగ్గురిని ఇద్దరు చేశారు. ఫార్వర్డ్‌ను ఇలా కావాలని ఆఫ్‌సైడ్‌లో పడేసే ఎత్తు, అంటే ఆఫ్‌సైడ్ ట్రాప్, అప్పటితో ఆగిపోలేదు, దాన్ని వేసేవాళ్లకు ప్రమాదం పెరిగింది. దాన్ని తట్టుకోవడానికి జట్లు ముగ్గురు బ్యాక్‌లతో ఆడే పద్ధతికి మారాయి.

బెల్‌ఫాస్ట్ నుంచి న్యూకాజిల్‌కు

మెక్రాకెన్ 1883 జనవరిలో బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. అక్కడి డిస్టిలరీ క్లబ్బుకు ఆడి పేరు తెచ్చుకున్నాడు. 1902లో, ఇంకా ఇరవై నిండకముందే, ఐర్లండ్ జట్టులోకి వచ్చాడు. అప్పటికి ఐర్లండ్ విడిపోలేదు, ద్వీపం మొత్తానికీ ఒకే జట్టు ఉండేది. 1904లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యునైటెడ్‌కు వెళ్లి, 1923 దాకా అక్కడే ఆడాడు. అన్ని పోటీల్లో కలిపి ఆ క్లబ్బుకు 432 మ్యాచ్‌లు ఆడాడు. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల 1915 నుంచి 1919 దాకా లీగ్ నాలుగు సీజన్లు ఆగిపోయింది. అది లేకుంటే ఈ సంఖ్య ఇంకా చాలా పైనే ఉండేది.

అతడు చేరిన క్లబ్బు ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లోకెల్లా బలమైనది. 1905, 1907, 1909లలో లీగ్ గెలిచింది. 1905 నుంచి 1911 లోపు ఐదుసార్లు ఎఫ్‌ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) కప్ ఫైనల్‌కు చేరినా ఒక్కసారే నెగ్గింది. మెక్రాకెన్ ఆ ఫైనల్స్‌లో మూడింట ఆడాడు. 1908లో వుల్వర్‌హాంప్టన్ చేతిలో 1-3తో ఓటమి. 1910లో బార్న్స్‌లీతో మొదటి మ్యాచ్ 1-1గా ముగిశాక, లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్క్‌లో జరిగిన రీప్లేలో 2-0తో గెలుపు. 1911లో బ్రాడ్‌ఫర్డ్ సిటీతో రీప్లేలో 0-1తో ఓటమి.

అతడి గొప్పతనం చెప్పేటప్పుడు చుట్టూ ఎవరున్నారో మరచిపోకూడదు. గోల్‌లో జిమ్మీ లారెన్స్, మధ్యలో ఆడే హాఫ్‌బ్యాక్ వరుసలో కాలిన్ వీచ్, పీటర్ మెక్‌విలియం ఉండేవారు. పొట్టి పాస్‌లతో బంతిని తమ దగ్గరే ఉంచుకునే జట్టు అది. అలాంటి జట్టులో ఫుల్‌బ్యాక్ బంతిని గుడ్డిగా దూరంగా తన్నే మనిషిగా మిగిలిపోడు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కదలాలి అని ఆలోచించే తీరిక అతడికి ఉంటుంది.

ముగ్గురి లెక్క ఎలా వచ్చింది

1863లో ఎఫ్‌ఏ రాసుకున్న మొదటి నిబంధనల్లో ఆఫ్‌సైడ్ చాలా కఠినం. సహచరుడు బంతిని తన్నినప్పుడు దానికంటే ముందున్న ఎవరైనా ఆటలో లేనట్టే. ఆ నిబంధన కింద ముందుకు పాస్ ఇవ్వడం కుదరదు. బంతిని కాలితో నడిపించుకుపోవడమే దారి. 1866లో దీన్ని సడలించి, ముందు ముగ్గురు ప్రత్యర్థులు ఉంటే ఫార్వర్డ్ బంతి అందుకోవచ్చన్నారు. పాస్‌ల ఆట అలా పుట్టింది.

ఆ తర్వాత ఇరవయ్యేళ్లలో జట్ల అమరిక 2-3-5గా స్థిరపడింది. వెనక ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, మధ్యలో ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు. గోల్‌కీపర్, ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు కలిస్తే సరిగ్గా ముగ్గురు. నిబంధన అడిగే సంఖ్యా ముగ్గురే. హాఫ్‌బ్యాక్‌లు సాధారణంగా ముందే ఉంటారు కాబట్టి, ఫార్వర్డ్ ఆన్‌సైడ్‌లో ఉన్నాడా లేదా అనేది ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లలో ముందున్నవాడి స్థానం మీద ఆధారపడింది. మెక్రాకెన్ ఆట అంతా ఈ లెక్క మీదే నడిచింది.

మూడు గజాల పని

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేలిపోతుంది. గోల్ గీత నుంచి గోల్‌కీపర్ 5 గజాల దూరంలో, ఎడమ ఫుల్‌బ్యాక్ 25 గజాల దగ్గర, కుడి ఫుల్‌బ్యాక్ 35 గజాల దగ్గర ఉన్నారనుకుందాం. ప్రత్యర్థి సెంటర్‌ఫార్వర్డ్ 36 గజాల దగ్గర నిలబడ్డాడు. అతడికీ గీతకూ మధ్య ముగ్గురున్నారు, కాబట్టి ఆన్‌సైడ్. ఇప్పుడు పాస్ బయలుదేరే లోపు కుడి ఫుల్‌బ్యాక్ మూడు గజాలు ముందుకు, అంటే 38 గజాల దగ్గరికి జరిగాడు. ఫార్వర్డ్ ముందు ఇద్దరే మిగిలారు. పాస్ ఎంత చక్కగా వచ్చినా ఆఫ్‌సైడే.

ఇందులో అసలు గమనించాల్సింది ఎడమ ఫుల్‌బ్యాక్‌ను. అతడు కదలనే లేదు. ఒకవేళ కుడివాడు ఆలస్యం చేసినా, మైదానం అంచున ఉండే సహాయ రిఫరీ, అంటే లైన్స్‌మన్, జెండా ఎత్తకపోయినా, ఫార్వర్డ్‌కు ఇంకా పదకొండు గజాల ముందు ఒక ఫుల్‌బ్యాక్ ఉన్నాడు, అతడి వెనక గోల్‌కీపర్ ఉన్నాడు. ట్రాప్ పనిచేస్తే ఫ్రీకిక్ దొరుకుతుంది, పనిచేయకపోతే మామూలు రక్షణ మిగులుతుంది. నష్టం దాదాపు లేని బేరం కాబట్టే దాన్ని ఒక మ్యాచ్‌లో పదేపదే వేయగలిగారు. న్యూకాజిల్‌లో యుద్ధానికి ముందూ తర్వాతా మెక్రాకెన్ కుడివైపు, ఫ్రాంక్ హడ్స్‌పెత్ ఎడమవైపు ఆడారు. ఈ జోడీ పేరు ఇంగ్లండ్ అంతా పాకింది. నాట్స్ కౌంటీలో హెర్బర్ట్ మోర్లీ, జాక్ మాంట్‌గోమరీ కూడా ఇదే పని చేశారు. ట్రాప్ పుట్టుకను ఆ ఇద్దరికి కట్టబెట్టేవాళ్లూ ఉన్నారు. ఎవరు ముందు అన్న వాదన కన్నా, దాన్ని ప్రతి మ్యాచ్‌లో తప్పక ఎదురయ్యే ఆయుధంగా మార్చింది మెక్రాకెన్ అన్నది గట్టి మాట.

నేర్పు అంతా సమయంలో ఉంది. ఆఫ్‌సైడ్‌ను చూసేది బంతి అందుకున్న క్షణంలో కాదు, సహచరుడి కాలు బంతిని తాకిన క్షణంలో. కాబట్టి ఫుల్‌బ్యాక్ చూడాల్సింది తన పక్కనున్న ఫార్వర్డ్‌ను కాదు, దూరంగా పాస్ ఇవ్వబోతున్న మనిషిని. అతడు తల వంచి బంతి వైపు చూడటం, నిలబడే కాలిని బంతి పక్కన ఊనటం, తన్నే కాలు వెనక్కి పోవటం, ఈ మూడూ కలిస్తే ఇక పాస్ ఆగదు. ఆ సెకనులో కొంత భాగమే ఫుల్‌బ్యాక్‌కు దొరికే వ్యవధి.

ఎక్కడ బెడిసికొట్టేది

ముందే కదిలితే పాస్ ఇచ్చేవాడు చూసేస్తాడు. బంతిని తన కాలి దగ్గరే ఉంచుకుని పరిగెత్తుతాడు. బంతితో పరిగెత్తేవాడు ఆఫ్‌సైడ్ కాడు గనక ముందుకొచ్చిన ఫుల్‌బ్యాక్ ఆటలోంచి తప్పుకున్నట్టే. ఆలస్యంగా కదిలితే ఫార్వర్డ్ ఆన్‌సైడ్‌లో ఉండి, వేగం అందుకుని దాటిపోతాడు. హాఫ్‌బ్యాక్‌లలో ఒకరు వెనకబడి ఉంటే మూడో మనిషి లెక్కలోకి వచ్చి ట్రాప్ మొత్తం పాడవుతుంది. ఇక లైన్స్‌మన్ సంగతి. అతడు ఒకే క్షణంలో పాస్ ఇచ్చే కాలినీ, యాభై గజాల అవతల ఇద్దరి స్థానాలనూ చూడాలి. మనిషి కంటికి ఇది సాధ్యం కాదు. అనుమానం ఎటు మొగ్గితే జెండా అటే. పదేపదే ట్రాప్ వేసే జట్టుకు ఆ అనుమానం తరచూ కలిసొచ్చేది.

ప్రత్యర్థులకు విరుగుళ్లు లేకపోలేదు. అడ్డంగా గానీ వెనక్కి గానీ పాస్ ఇస్తే ఆఫ్‌సైడ్ వర్తించదు. వెనకనుంచి పరిగెత్తుకొచ్చేవాడిని పట్టడం కష్టం. నిబంధనల్లోనూ రెండు చిన్న సవరణలు వచ్చాయి. 1907లో సొంత సగంలో ఉన్న ఆటగాడికి ఆఫ్‌సైడ్ వర్తించదన్నారు. దాంతో ఫుల్‌బ్యాక్‌లు సగం గీత దాటి ముందుకు పోయినా లాభం లేకపోయింది. 1920లో త్రో-ఇన్ నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ లేదన్నారు. రెండూ ట్రాప్‌కు హద్దులు పెట్టాయే గానీ దాని మూలాన్ని తాకలేదు. ముగ్గురి లెక్క అలాగే ఉండిపోయింది. ఆట సగం గీతకు ఇరువైపులా సన్నటి పట్టీలో ఇరుక్కుపోయింది.

ప్రేక్షకులకు ఇది నచ్చలేదు. మెక్రాకెన్ పరాయి మైదానానికి వెళ్తే అరుపులు, ఈలలతో స్వాగతం పలికేవారు. న్యూకాజిల్ స్టేషన్‌లో రైలు దిగుతున్న ఒక జట్టు గార్డు ఈల విని, అప్పుడే ఆఫ్‌సైడ్ ఇచ్చేశారా అని అనుకుందన్న జోకు ఆ కాలంలో బాగా ప్రచారమైంది.

డబ్బు మీద తగాదా

ఇతడి అంతర్జాతీయ రికార్డు చూసేవాళ్లను తికమక పెట్టే విషయం ఒకటుంది. 1902లో మొదలైన ఐర్లండ్ జీవితం 1907లో ఆగి, మళ్లీ 1919లో మొదలవుతుంది. 1923లో ముగుస్తుంది. మధ్యలో పన్నెండేళ్లు ఖాళీ. యుద్ధం అందులో ఒక భాగానికే కారణం.

ఇంగ్లండ్ ఆటగాళ్లకు అంతర్జాతీయ మ్యాచ్‌కు ఇచ్చేదానికన్నా ఐర్లండ్ సంఘం తన ఆటగాళ్లకు చాలా తక్కువ ఇచ్చేది. తనకూ వాళ్లతో సమానంగా ఇవ్వాలని మెక్రాకెన్ అడిగాడు. సంఘం ఒప్పుకోలేదు, అతడిని పక్కనపెట్టింది. అప్పటి లెక్కలు చూస్తే ఈ అడగడంలో అత్యాశ కనిపించదు. ఇంగ్లండ్ లీగ్‌లో 1901 నుంచి వారానికి 4 పౌండ్ల గరిష్ఠ జీతం అమల్లో ఉంది. ఎంత గొప్ప ఆటగాడైనా క్లబ్బు అంతకుమించి ఇవ్వకూడదు. అలాంటప్పుడు అంతర్జాతీయ మ్యాచ్ ఫీజు చిన్న మొత్తం కాదు, కొన్ని వారాల జీతంతో సమానం కాగలదు. పైగా ఇంగ్లండ్ క్లబ్బులో ఆడే ఐరిష్ ఆటగాడు సముద్రం దాటి రావాలి, గాయపడితే క్లబ్బులో స్థానం పోయే ప్రమాదం మోయాలి.

సంఘం మొండితనానికి మూల్యం చెల్లించింది మాత్రం ఆటగాడే. 1914లో ఐర్లండ్ తొలిసారి బ్రిటిష్ దేశాల ఛాంపియన్‌షిప్‌ను ఎవరితోనూ పంచుకోకుండా గెలిచింది. అప్పటికి ఇంగ్లండ్‌లో పేరు మోగుతున్న ఐరిష్ ఫుల్‌బ్యాక్ ఆ జట్టులో లేడు.

నిబంధన 1925లోనే ఎందుకు మారింది

మెక్రాకెన్ వల్లే నిబంధన మారిందన్న మాటకు తేదీలు అడ్డొస్తాయి. అతడు 1923 ఆరంభంలోనే, నలభై ఏళ్ల వయసులో, న్యూకాజిల్ వదిలి హల్ సిటీ మేనేజర్‌గా వెళ్లాడు. నిబంధన మారింది ఆ తర్వాత రెండేళ్లకు పైగా గడిచాక. అతడు వెళ్లినా ట్రాప్ ఆగలేదు. 1925 ఫిబ్రవరిలో బరీ మైదానంలో న్యూకాజిల్ ఆడిన 0-0 మ్యాచ్ ఆ సీజన్‌లో ఆ జట్టుకు ఆరో గోల్ లేని డ్రా. హడ్స్‌పెత్ అప్పటికీ ఆడుతూనే ఉన్నాడు.

ఒక జట్టు ఇలా ఆడినన్నాళ్లూ దాన్ని తెలివి అనో, చిరాకు అనో అన్నారు. చాలా జట్లు అదే పని మొదలుపెట్టాక అది లీగ్ మొత్తం సమస్యయింది. గేటు టికెట్ల మీద బతికే క్లబ్బులకు గోల్స్ లేని మ్యాచ్ నేరుగా ఆదాయం దెబ్బ. దాంతో ఎఫ్‌ఏ రెండు మార్గాలు ఆలోచించింది. ముగ్గురిని ఇద్దరు చేయడం ఒకటి. రెండోది, ప్రతి సగంలో గోల్ నుంచి 40 గజాల దగ్గర ఒక గీత గీసి, ఆ గీత దాటి గోల్ వైపు రానంతవరకు ఆఫ్‌సైడ్ లేకుండా చేయడం. ప్రయోగాత్మక మ్యాచ్‌లలో ఒక సగం ఒక పద్ధతిలో, రెండో సగం మరో పద్ధతిలో ఆడించి చూశారు. చివరికి కొత్త గీత అక్కర్లేని మొదటి మార్గమే నిలిచింది. స్కాట్లండ్ సంఘం ప్రతిపాదనపై నిబంధనల అంతర్జాతీయ బోర్డు 1925 జూన్‌లో పారిస్‌లో ఆమోదముద్ర వేసింది.

పాత ఉదాహరణకే కొత్త నిబంధన వర్తింపజేస్తే తేడా తెలుస్తుంది. ఇప్పుడు గోల్‌కీపర్‌తో పాటు ఒక్కడుంటే చాలు. ఎడమ ఫుల్‌బ్యాక్ 25 గజాల దగ్గరుంటే ఫార్వర్డ్ 26 గజాల దాకా రావచ్చు. కుడి ఫుల్‌బ్యాక్ ఎంత ముందుకు పోయినా ప్రయోజనం లేదు. ఫార్వర్డ్‌ను పట్టాలంటే ఎడమవాడు కూడా దాటి రావాలి. అప్పుడు వెనక మిగిలేది గోల్‌కీపర్ ఒక్కడే. ట్రాప్ తప్పితే ఫార్వర్డ్, గోల్‌కీపర్ ముఖాముఖి.

తర్వాతి సీజన్లలో జరిగింది

ఫలితం వెంటనే కనిపించింది. నాలుగు డివిజన్ల లీగ్‌లో సీజన్‌కు 1,848 మ్యాచ్‌లు. 1924-25లో వాటిలో 4,700 గోల్స్ పడ్డాయి, అంటే మ్యాచ్‌కు సుమారు 2.54. 1925-26లో 6,373, మ్యాచ్‌కు సుమారు 3.45. మొదటి డివిజన్‌లో 1,192 నుంచి 1,703కు పెరిగాయి. సెంటర్‌ఫార్వర్డ్‌లకు పండగ వచ్చింది. 1926-27లో మిడిల్స్‌బ్రో ఆటగాడు జార్జ్ కామ్సెల్ రెండో డివిజన్‌లో 59 లీగ్ గోల్స్ కొట్టాడు. మరుసటి ఏడాది ఎవర్టన్ ఆటగాడు డిక్సీ డీన్ మొదటి డివిజన్‌లో 60 కొట్టాడు. న్యూకాజిల్ కూడా నష్టపోలేదు. 1926-27లో హ్యూయీ గాలచర్ 36 లీగ్ గోల్స్‌తో క్లబ్బుకు మళ్లీ టైటిల్ తెచ్చాడు.

డిఫెన్స్ ఊరుకోలేదు. 1925 అక్టోబర్ 3న ఆర్సెనల్ న్యూకాజిల్‌లో 0-7తో ఓడింది. ఆ రోజు న్యూకాజిల్ సెంటర్‌హాఫ్ (ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లలో మధ్యవాడు) చార్లీ స్పెన్సర్ ముందుకు పోకుండా ఫుల్‌బ్యాక్‌ల మధ్య ఆగి ఆడాడు. ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్, సీనియర్ ఆటగాడు చార్లీ బుకన్ ఓటమి తర్వాత కూర్చుని తామూ అదే చేయాలని తేల్చుకున్నారు. సెంటర్‌హాఫ్ జాక్ బట్లర్‌ను వెనక్కి లాగారు. మధ్యలో ఖాళీ అయిన చోటు నింపడానికి ఇన్‌సైడ్‌ఫార్వర్డ్ (సెంటర్‌ఫార్వర్డ్ పక్కన ఆడేవాడు) ఆండీ నీల్‌ను కిందికి దించారు. రెండు రోజులకే వెస్ట్‌హామ్‌పై 4-0తో గెలిచారు. ఇంకొందరు కూడా ఈ దారిలో ఉన్నా, ముగ్గురు బ్యాక్‌ల పద్ధతిని ఏళ్ల తరబడి సానపట్టి నిలబెట్టింది చాప్‌మన్. ఈ మార్పుకు బలైంది సెంటర్‌హాఫ్ పాత్ర. అంతకుముందు జట్టు ఆటను నడిపించేవాడు అతడే. ఆ తర్వాత ప్రత్యర్థి సెంటర్‌ఫార్వర్డ్‌కు అడ్డుగోడ అయ్యాడు. నిబంధన రాసినవాళ్లు గోల్స్ కోసం చూశారు. ఆటలో సృజన ఉన్న చోటు ఇలా మారుతుందని ఎవరూ అనుకోలేదు.

ఇప్పటి సడలింపు ప్రతిపాదనలను కూడా ఇదే కోణంలో చూడాలి. గోల్ కొట్టగలిగే శరీర భాగం ఏ కొంచెమైనా డిఫెండర్‌తో సమానంగా ఉంటే ఆన్‌సైడ్ ఇవ్వాలని వెంగర్ అంటున్నాడు. తెర మీద కొలత అప్పుడూ ఉంటుంది, గీత చోటు మాత్రం మారుతుంది. ఫార్వర్డ్‌కు దాదాపు ఒక ఒళ్లు అంత అదనపు దూరం దొరుకుతుంది. పైకి వచ్చి ట్రాప్ వేయడం ఖరీదైపోతే డిఫెన్స్‌కు సహజమైన జవాబు వెనక్కి తగ్గడం, వెనక మనుషులను పెంచడం. మొదటి సీజన్ గోల్స్ లెక్క చూసి తీర్పు చెబితే తొందరపడినట్టే.

హల్‌లో మేనేజర్‌గా

మెక్రాకెన్ 1931 దాకా హల్ సిటీలో ఉన్నాడు. అక్కడ 1929-30 సీజన్ విచిత్రమైనది. జట్టు రెండో డివిజన్ అట్టడుగున కొట్టుమిట్టాడుతూ, ఎఫ్‌ఏ కప్‌లో మాత్రం మాంచెస్టర్ సిటీని ఓడించింది. తర్వాతి రౌండ్‌లో ఎదురైంది మెక్రాకెన్ పాత క్లబ్బు న్యూకాజిల్. అక్కడ 1-1తో డ్రా చేసి, హల్‌లో రీప్లేను 1-0తో గెలిచింది. లీడ్స్‌లో జరిగిన సెమీఫైనల్‌లో చాప్‌మన్ ఆర్సెనల్‌పై 2-0 ఆధిక్యం సాధించి, చివరికి 2-2తో సరిపెట్టుకుంది. బర్మింగ్‌హామ్‌లో రీప్లేలో 0-1తో ఓడింది. హల్ సెంటర్‌హాఫ్ ఆర్థర్ చైల్డ్స్‌ను రిఫరీ ఆ మ్యాచ్‌లో బయటికి పంపాడు. ఆర్సెనల్ ఆ ఏడాది కప్ గెలిచింది, హల్ మూడో డివిజన్‌కు పడిపోయింది.

ఆ తర్వాత గేట్స్‌హెడ్, మిల్‌వాల్, 1937 నుంచి 1949 దాకా ఆల్డర్‌షాట్. మేనేజర్ పని వదిలాక కూడా స్కౌట్‌గా ఆటగాళ్లను వెతికే పనిలో చాలా ఏళ్లు ఉన్నాడు. 1979 జనవరిలో, 96వ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు చనిపోయాడు. అప్పటికి ఇద్దరి లెక్కతో ఆట మొదలై యాభై ఏళ్లు దాటింది. వరుసగా నిలబడ్డ నలుగురు డిఫెండర్లు ఒకేసారి ముందుకు కదిలి ఆఫ్‌సైడ్ ట్రాప్ వేయడం పెద్ద జట్లకు మామూలు విషయమైపోయింది.